వత్తు పోయిన కీబోర్డుకు మాటు

'ప్రశ్నపత్రం' అని కొడితే తెర మీద 'పరశనపతరం' అని పడింది. 'విద్యార్థి' అని కొడితే 'విదయారథి' వచ్చింది. 'అమ్మ' అని కొడితే 'మమ' అంది. త్రైమాసిక పరీక్షలు నాలుగు రోజుల్లో ఉన్నాయి. ఎనిమిదో తరగతి సాంఘికశాస్త్రం పేపరు సగంలో ఉంది. సోమవారం సాయంత్రం, బడి ఆఫీసు గదిలో నేనొక్కణ్నే. ఏం జరిగిందో అర్థం కావడానికి ఐదు నిమిషాలు పట్టింది. కీబోర్డు మీద ఒకే ఒక్క మీట పనిచేయడం లేదు. అది 'డి' మీట.

హోసూరు ప్రాంతంలో మా బడి. తెలుగులో ప్రశ్నపత్రం అచ్చు వేయించాలంటే టైపు చేసిచ్చే కొట్టు దగ్గరలో దొరకదు. అందుకే మా పేపర్లు మేమే కొట్టుకుంటాం. కంప్యూటరు, ప్రింటరు, ఒక కీబోర్డు. ఆ కీబోర్డు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా పూర్వ విద్యార్థి ఇచ్చింది. మెకానికల్ కీబోర్డు అంటారు దాన్ని. పిల్లలే తెలుగు అక్షరాలు కాగితం మీద రాసి, కత్తిరించి, మీటల మీద అంటించారు.

ఆ కీబోర్డును శనివారం వాడింది తొమ్మిదో తరగతి అమ్మాయి. గోడపత్రిక టైపు చేసేది ఆ పిల్లే. మంగళవారం ప్రార్థన కాగానే పిలిచాను. "శనివారం నీవే కదా ముట్టింది? ఏం చేసినావు?" అన్నాను. "నేనేం చేయలే సార్. అప్పుడప్పుడు ఆ మీట పడలేదు. గట్టిగా ఒత్తితే పడింది" అంది. గట్టిగా ఒత్తింది కాబట్టే పాడైందని నేను తేల్చేశాను. నలుగురు పిల్లల ముందు నాలుగు మాటలన్నాను. ఆ పిల్ల చెప్పిన మాటలోనే జవాబు ఉందని అప్పుడు నాకు తెలియలేదు.

ఒక్క మీటకు ఇంత విలువా?

మొదట ఆ మీట సంగతి. మా బడిలో పిల్లలకు ఇన్‌స్క్రిప్ట్ అమరికలో టైపు నేర్పుతాం. 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ దీన్ని ప్రమాణంగా తెచ్చింది. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ తన ప్రమాణంలో చేర్చింది. ఇందులో గుణింతపు గుర్తులు దాదాపు అన్నీ ఎడమచేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడిచేతి వైపు ఉంటాయి. ఎడమచేతి నడిమివేలు కింద ఉండే 'డి' మీట మీద పొల్లు ఉంటుంది. షిఫ్ట్ పట్టుకుని అదే మీట నొక్కితే 'అ' వస్తుంది.

తెలుగులో వత్తు రాయడానికి కంప్యూటరుకు వేరే అక్షరమేమీ లేదు. మ, పొల్లు, మళ్లీ మ కొడితే 'మ్మ' అవుతుంది. కాబట్టి పొల్లు పోతే వత్తులన్నీ పోయినట్టే. 'తెలుగు' అని రాయవచ్చు, 'బడి' అని రాయవచ్చు, 'పలక' అని రాయవచ్చు. 'వత్తు' అని మాత్రం రాయలేం. 'ప్రశ్నపత్రం' అనే ఒక్క మాటకే మూడుసార్లు ఆ మీట కావాలి. 'అమ్మ'కు రెండుసార్లు, ఒకసారి అకారానికి, ఒకసారి వత్తుకు.

ఇక్కడ మన బడుల పిల్లలకు పనికొచ్చే సంగతి ఒకటుంది. ఇన్‌స్క్రిప్ట్‌లో తెలుగు 'క' ఏ మీట మీద ఉందో కన్నడ 'క', ఒడియా 'క', మరాఠీ 'క' కూడా అదే మీట మీద ఉంటాయి. పొల్లు కూడా అన్నింటికీ అదే చోట. బళ్లారి పిల్లవాడు కన్నడం, తెలుగు రెండూ ఒకే వేలి అలవాటుతో కొట్టగలడు. బరంపురం పిల్లకు ఒడియా, షోలాపూరు పిల్లకు మరాఠీ అంతే. తమిళనాడులో మాత్రం తమిళానికి తమిళ్99 అనే వేరే అమరిక ఎక్కువ వాడుకలో ఉంది. అందుకని మా పిల్లలు రెండు అలవాట్లు నేర్చుకోవాల్సి వస్తోంది.

ఆ రోజుకు దారి ఒకటి దొరికింది. తెర మీద బొమ్మలా కనిపించే కీబోర్డు తెరిచి, పొల్లు కావాల్సినప్పుడల్లా మౌస్‌తో నొక్కుతూ పేపరు పూర్తి చేశాను. గంటలో అయ్యే పని మూడు గంటలైంది. ఆ సాయంత్రం ఎన్ని వత్తులు వేస్తామో లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

తప్పు ఎక్కడుందో ముందు చూడాలి

చాలా బడుల్లో ఉండే మామూలు కీబోర్డుల లోపల ప్లాస్టిక్ పొరలుంటాయి. వాటి మీద కరెంటు పారే సిరాతో గీతలు అచ్చు వేసి ఉంటాయి. గీత తెగితే టంకం వేయలేం. వేడికి ప్లాస్టిక్ కరిగిపోతుంది. మెకానికల్ కీబోర్డు అలా కాదు. ప్రతి మీట కింద విడిగా ఒక చిన్న స్విచ్ ఉంటుంది. దానికి రెండు లోహపు కాళ్లు. మీట నొక్కితే లోపలి రేకులు రెండూ తగులుతాయి, వదిలితే విడిపోతాయి. మా కీబోర్డులో స్విచ్‌ను బోర్డుకు టంకం పెట్టి అతకలేదు. బోర్డు వెనక వైపు సాకెట్లు ఉన్నాయి. ప్లగ్గు గోడ సాకెట్లో దూరినట్టు స్విచ్ కాళ్లు వాటిలో దూరతాయి. పాడైన స్విచ్‌ను పీకి కొత్తది పెట్టుకోవచ్చు. ఆ సదుపాయం ఉన్నదనే మా పూర్వ విద్యార్థి ఈ కీబోర్డు కొన్నాడు.

మంగళవారం మధ్యాహ్నం విజ్ఞానశాస్త్రం పీరియడ్‌లో పిల్లల ముందే పరీక్ష మొదలుపెట్టాం. మొదటి ప్రశ్న: పోయింది ఒక్క మీటేనా, వరుసంతానా? ఈ ప్రశ్న ఎందుకో చెప్పాలి. మా కీబోర్డులో 87 మీటలున్నాయి. ఒక్కోదానికి ఒక్కో తీగ వేస్తే లోపలి చిప్‌కు 87 తీగలు కావాలి. అలా వేయరు. తరగతిలో పిల్లల్ని గుర్తించినట్టు చేస్తారు. 'మూడో వరుస, నాలుగో బల్ల' అంటే ఒక్క పిల్లవాడే లేస్తాడు కదా. అలాగే అడ్డు తీగలు 6, నిలువు తీగలు 17 ఉన్నా 102 చోట్లను గుర్తించవచ్చు. 23 తీగలతో పని అయిపోతుంది. చిప్ క్షణానికి ఎన్నోసార్లు ఒక్కో వరుసకు హాజరు పిలుస్తూ ఉంటుంది. మూడు నాలుగు మీటలు ఒక్కసారి నొక్కినప్పుడు రాని పిల్లవాడు హాజరు పలికినట్టు కాకుండా, ప్రతి స్విచ్ పక్కన ఒక డయోడ్ పెడతారు. అది కరెంటును ఒకే దిక్కుకు పోనిస్తుంది.

కాబట్టి వరుస మొత్తం మూగబోతే తప్పు తీగలోనో చిప్‌లోనో ఉన్నట్టు. మేం చూశాం. 'డి'కి అటూ ఇటూ ఉన్న 'ఎస్', 'ఎఫ్' పనిచేస్తున్నాయి. ఏత్వం, గుడి బాగానే పడ్డాయి. పైనున్న 'ఇ', కిందనున్న 'సి' కూడా పనిచేస్తున్నాయి. దీర్ఘం పడింది, 'మ' పడింది. అంటే తప్పు ఆ ఒక్క చోటే.

రెండో ప్రశ్న: తప్పు స్విచ్‌దా, అది కూర్చున్న చోటిదా? 'డి' స్విచ్‌ను, 'ఎఫ్' స్విచ్‌ను పీకి మార్చి పెడితే తెలిసిపోతుంది. పీకగానే ఆ అమ్మాయే అంది, "సార్, దీని కాలు వంకర పోయింది." నిజమే. రెండు కాళ్లలో ఒకటి కొంచెం వంగి ఉంది. సన్న పట్టకారుతో నిదానంగా సరిచేసి, 'ఎఫ్' చోట పెట్టాం. గుడి చక్కగా పడింది. స్విచ్ మంచిదే. బాగున్న 'ఎఫ్' స్విచ్‌ను 'డి' చోట పెట్టాం. ఏమీ పడలేదు. తప్పు సాకెట్‌దో బోర్డుదో అని తేలింది.

ఈ మార్పిడి పరీక్షకు పైసా ఖర్చు లేదు. ట్యూబ్‌లైటు వెలగకపోతే పక్క గదిలోది తెచ్చి పెట్టి చూసినట్టే. తొమ్మిదో తరగతి పిల్లలు పది నిమిషాల్లో చేయగలరు. ఒక కారణాన్ని కొట్టేస్తే ఇంకో కారణానికి దగ్గరవుతామని పాఠంలో ఎన్నిసార్లు చెప్పినా రాని గ్రహింపు ఆ రోజు వచ్చింది.

"ఎవరు పెట్టినారు సార్ దీన్ని?"

సాయంత్రం కీబోర్డు పట్టుకుని బజారులో సెల్‌ఫోన్లు రిపేరు చేసే కొట్టుకు వెళ్లాను. ఆ అమ్మాయిని, వాళ్ల నాన్నను కూడా రమ్మన్నాను. కొట్టు అన్న మరలు విప్పి బోర్డు తిరగేశాడు. భూతద్దం కింద పెట్టి చూశాడు. 'డి' సాకెట్ ఒక పక్క పైకి లేచి ఉంది. దాని లోహపు రెక్కకు అంటుకుని గోరంత రాగిరేకు కూడా బోర్డు నుంచి ఊడి వచ్చింది. ఆ రేకునే ప్యాడ్ అంటారు. సాకెట్‌ను బోర్డుకు పట్టి ఉంచేదీ, కరెంటు దాటించేదీ అదే. చాలా బోర్డుల మీద ఆ రాగి మందం 35 మైక్రాన్లే, అంటే మిల్లీమీటరులో ఇంచుమించు 30వ వంతు. జిగురుతో అంటించిన రేకు అది. పైకి నెడితే లేచిపోతుంది.

"ఈ మీట ఎప్పటి నుంచి పడలేదు?" అని అడిగాడు. అమ్మాయి చెప్పింది: "శనివారం అప్పుడప్పుడు పడలేదన్నా. గట్టిగా ఒత్తితే పడింది." అతను తలూపాడు. "అంతే. రేకు అప్పటికే లేచింది. ఒత్తితే తగిలింది, వదిలితే విడిచింది. ఈ పాప పాడు చేయలేదు సార్. పాడైనదాన్ని వాడింది. అంతకు ముందు స్విచ్ ఎవరు పీకి పెట్టినారు?"

నేనే. శుక్రవారం సాయంత్రం. మీట కింద సుద్దపొడి చేరిందని స్విచ్ పీకి, కుంచెతో తుడిచి మళ్లీ పెట్టాను. సులువుగా దిగలేదు. బొటనవేలితో బలంగా నొక్కాను. 'టక్' మంది. కూర్చుందనుకున్నాను. వంగిన కాలు సాకెట్ నోట్లో అడ్డుపడితే నేను నొక్కిన బలమంతా సాకెట్‌ను వెనక్కి నెట్టింది. ఆ చప్పుడు స్విచ్ కూర్చున్నది కాదు, రాగి ఊడింది.

కొట్టులోనే ఆ పిల్లకు చెప్పాను, "తప్పు నాదమ్మా. నిన్ను అనవసరంగా అన్నాను." వాళ్ల నాన్న "పోనీండి సార్" అన్నాడు. ఆ పిల్ల ఏమీ అనలేదు, భూతద్దంలోకి చూస్తూనే ఉంది. నలుగురి ముందు అన్న మాట నలుగురి ముందే వెనక్కి తీసుకోవాలి కాబట్టి మర్నాడు తరగతిలోనూ చెప్పాను.

మాటు వేసిన విధం

మా అవ్వ కాలంలో చిల్లులు పడిన బిందెలకు, గిన్నెలకు మాట్లు వేసేవాళ్లు వీధుల్లోకి వచ్చేవారు. పాత్ర పారేయడమనే మాట ఇంట్లో ఉండేది కాదు. కొట్టు అన్న చేసింది కూడా మాటే. ఆ క్రమం ఇది.

ముందు యూఎస్‌బీ తీగ పీకేశాడు. ఆ చుట్టుపక్కల స్విచ్‌లు తీసేశాడు, వేడికి వాటి ప్లాస్టిక్ చెడకుండా. సాకెట్ రెండో పక్క గట్టిగానే ఉంది కాబట్టి మొత్తం ఊడదీయలేదు. లేచిన చోట ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, పాత టూత్‌బ్రష్‌తో శుభ్రం చేశాడు.

తర్వాత మల్టీమీటర్‌ను 'బీప్' గుర్తు మీద పెట్టాడు. ఊడిన ప్యాడ్ ఏ తీగలోదో తెలియాలి. స్విచ్ కాళ్లలో ఒకటి నిలువు తీగకు, ఇంకోటి డయోడ్ మీదుగా అడ్డు తీగకు పోతుంది. మా బోర్డులో 'ఇ', 'డి', 'సి' మూడూ ఒకే నిలువు తీగ మీదివి. 'ఇ' సాకెట్ రెక్క మీద ఒక మొన, 'సి' సాకెట్ రెక్క మీద ఒక మొన పెడితే మీటర్ కూసింది. అవి రెండూ కలిసే ఉన్నాయి. 'ఇ' మీద ఒకటి, 'డి' మీద ఒకటి పెడితే కూయలేదు. తెగింది అక్కడే. డయోడ్ వైపు కూడా చూశాడు, అది మంచిగానే ఉంది.

అతికే ముందు ఇంకో పరీక్ష చేశాడు. తీగ మళ్లీ కంప్యూటరుకు తగిలించి, సన్నని తీగముక్క ఒక కొన 'ఇ' రెక్కకు, ఇంకో కొన 'డి' రెక్కకు ఆనించి పట్టుకున్నాడు. సాకెట్లో స్విచ్ పెట్టి నొక్కమన్నాడు. తెర మీద పొల్లు పడింది. "ఇప్పుడు అతికిస్తా. ముందు అతికించేది కాదు సార్, ముందు చూసేది" అన్నాడు.

మళ్లీ తీగ పీకి, స్విచ్ తీసి, పని మొదలుపెట్టాడు. ప్యాడ్ లేని పక్క సాకెట్‌కు పట్టు లేదు కాబట్టి, దాని ప్లాస్టిక్ అంచు కింద రెండు గొట్టాల ఎపాక్సీ జిగురు సూదిమొనంత పెట్టి నొక్కి ఉంచాడు. నీళ్లలా పారే జిగురు వాడకూడదట. అది సాకెట్ రంధ్రంలోకి దిగితే లోపలి స్ప్రింగు రేకు పనికిరాకుండా పోతుంది. జిగురు గట్టిపడ్డాక, పైన ప్లాస్టిక్ తొడుగున్న సన్న తీగ కత్తిరించి, రెండు కొనలు ఒలిచి, ఫ్లక్స్ రాసి టంకం పట్టించాడు. 'డి' రెక్క మీద, 'ఇ' రెక్క మీద కూడా ఒక్కో చుక్క. ఆపైన తీగను వాటి మీద ఆనించి వేడి తగిలించాడు. లెడ్డు కలిసిన టంకం సుమారు 190 డిగ్రీల లోపే కరుగుతుంది. అతని ఐరన్ 340 మీద ఉంది. ఒక్కో అతుకుకు రెండు మూడు సెకన్లకు మించి మొన ఆనించలేదు. ఎక్కువసేపు పెడితే మంచిగా ఉన్న రాగి కూడా లేచిపోతుంది. తీగను మరల కింద, బోర్డును మోసే గుబ్బల కింద పడకుండా పక్కగా నడిపి, వేడికి తట్టుకునే పసుపు టేపు అంటించాడు.

రెండో అతుకు నన్ను పెట్టమన్నాడు. నాకు చేయి వణికింది. మొదటిసారి టంకం గింజలా ఉండకట్టి నిలిచింది, పరుచుకోలేదు. ఫ్లక్స్ మళ్లీ రాసి, టంకాన్ని కాకుండా లోహాన్ని వేడిచేయమన్నాడు. అప్పుడు నీటిబొట్టు ఆకు మీద పరుచుకున్నట్టు పరుచుకుంది. నలభై దాటాక బీఈడీలో నేర్పని పని నేర్చుకున్నాను.

బడిలో చేయదలిస్తే

ఐదారు వందలు పెడితే మామూలు కీబోర్డు కొత్తది వస్తుంది, ఇంత తంటా ఎందుకని మా తోటి ఉపాధ్యాయుడు ఒకరు అడిగారు. సరైన ప్రశ్నే. పరీక్షల ముందు పని ఆగకుండా ఒక మామూలు కీబోర్డు పక్కన ఉంచుకోవడం మంచిది. మేమూ తెచ్చుకున్నాం. కానీ విద్యుత్తు పాఠంలో పూర్తయిన వలయం, తెగిన వలయం అని బొమ్మ గీసి చెప్పేదాన్ని పిల్లలు వేలితో తాకి, చెవితో విని తెలుసుకున్నది ఈ పాత కీబోర్డు వల్లే. అందుకని ఆసక్తి ఉన్న బడులకు నాలుగు మాటలు.

స్విచ్ పెట్టేముందు రెండు కాళ్లూ నిటారుగా ఉన్నాయో లేదో వెలుతురులో చూడాలి. పెట్టేటప్పుడు వెనక నుంచి సాకెట్‌కు వేలు ఆనించాలి. అది కుదరకపోతే బోర్డు కింద మెత్తని ఆధారం ఉండాలి. సులువుగా దిగకపోతే నొక్కకూడదు, తీసి మళ్లీ చూడాలి. నేను చేయని పని ఇదే.

తప్పు వెతకడం వరకు పిల్లలకు అప్పగించవచ్చు. యూఎస్‌బీ తీగలో ఉండేది 5 వోల్టులే, దానితో షాకు భయం లేదు. మల్టీమీటర్ పట్టడం తొమ్మిది, పది తరగతుల వాళ్లకు బాగా వస్తుంది. టంకం మాత్రం పెద్దవాళ్లే పెట్టాలి. కిటికీలు తెరిచి, కళ్లద్దాలు పెట్టుకుని, ఐరన్‌ను దాని స్టాండులోనే ఉంచి చేయాలి. లెడ్డు ఒంటికి మంచిది కాదు. ఆ బల్ల మీద తిండి పెట్టకూడదు, పని అయ్యాక సబ్బుతో చేతులు కడగాలి.

అన్నింటికీ మాటు వేయలేం. బోర్డు మీద నీళ్లు పడి రాగి పచ్చబారినా, చిప్ పోయినా, నాలుగైదు సాకెట్లు ఊడినా వదిలేయడమే మేలు. దానిలోని మంచి స్విచ్‌లు తీసి దాచుకోవచ్చు. ఒక్క సాకెట్ అయితే బాగు చేసుకోవచ్చు. మా ఊళ్లాంటి చోట సెల్‌ఫోన్ రిపేరు కొట్టు ఉంటే ఆ పని చేసే చెయ్యి ఉన్నట్టే. అతన్ని ఒక పీరియడ్‌కు బడికి పిలవండి. మా దగ్గరికి వచ్చాడు. గంటసేపు పిల్లలు కదల్లేదు.

గోడపత్రిక మళ్లీ మొదలైంది. ఆ అమ్మాయే టైపు చేస్తోంది. ఇప్పుడు ఏ మీట కాస్త మొరాయించినా ఆ రోజే వచ్చి చెబుతోంది, నేను కూడా కూర్చోబెట్టి వింటున్నాను. స్టాకు రిజిస్టరులో కీబోర్డు పేరుకు ఎదురుగా 'మరమ్మతు అయింది, పనిచేస్తోంది' అని రాశాను. పక్కన 'చెడిపోయిన కారణం' అనే గడి ఉంది. 'ఉపాధ్యాయుడి పొరపాటు' అని రాసి సంతకం పెట్టాను.